గ్రేసక్క దూదిడబ్బా

మా ముత్తాత చెంగల్రాయ నాయనివారు సోమల వైపు పల్లెలకు మిట్టాదారు. ఆ ఊళ్ళ శిస్తు వసూలు చేసి సర్కారుకు కట్టే హక్కు ఆయనది. మా తాత రంగప్ప నాయనివారి కాలానికి మిట్టా పోయింది, గుర్రాలు మిగిలాయి. ఆయన గుర్రం మీద పుంగనూరు సంతకు వస్తే బేరాలు ఆపి జనం దారి ఇచ్చేవారట. మా నాన్న కాలానికి గుర్రాలూ పోయాయి. వాటికి పండగనాడు తొడిగే వెండి సామాను ఒక పెట్టెలోనూ, అవి మేసిన బీడు సోమల అవతల గుట్ట కిందా మిగిలాయి. ఆ తరువాత నేను మిగిలాను. పెళ్ళి చేసుకోలేదు. తగిన సంబంధం రాలేదని నాన్నగారు అనేవారు, నేను కాదనలేదు. మదనపల్లెలో ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో సూపరింటెండెంటుగా పనిచేస్తున్నాను. ఎవరి దగ్గరా తల వంచింది లేదు. ఇదంతా ముందే చెప్పుకోవడం మా ఇంటి అలవాటు. చెప్పకుండా మొదలుపెడితే ఒంటిమీద పైట లేనట్టు ఉంటుంది.

శనివారం ఉదయం నా వంటింట్లో ఒక చప్పుడవుతుంది. స్టీలు మూత అంచు మీద పడిన చప్పుడు, వెంటనే కొక్కెం టక్కుమన్న చప్పుడు. ఆ మూత తెరిచినప్పుడు ఏనాటిదో స్పిరిట్ వాసన సన్నగా వస్తుంది. అది ఆపరేషన్ గదుల్లో ఉడికించిన దూదీ గాజుగుడ్డా దాచే గుండ్రటి డబ్బా. ఆసుపత్రిలో కొత్తవి వచ్చాక పక్కన పడేసిన దాన్ని, రిటైరయిన రోజు శాలువాతో పాటు అడిగి తెచ్చుకుంది గ్రేసక్క. ఆ చప్పుడు వినగానే నా నడుము దానంతట అదే నిటారవుతుంది. గుమ్మంలో ఆమె నిలబడి, చెప్పులు తొడుక్కోవడానికి ఇంతసేపా అని చూస్తున్నట్టే ఉంటుంది.

గ్రేసక్క మిషన్ ఆసుపత్రిలో హెడ్ నర్సుగా చేసింది. నేను అద్దెకున్న మేడగది ఆమెది. కింద ఆమె, పైన నేను. ఇల్లు చూడడానికి వెళ్ళిన రోజే, ఊరూ పేరూ అడిగి, నా ముఖంలోకి కాసేపు చూసి, "నాయనివారి బిడ్డవా? మా అమ్మ మీ తాతోళ్ళ చేలో కలుపు తీసింది తెల్సునా?" అంది. అలాంటి మాటకు ఏం బదులివ్వాలో మా ఇంట్లో ఎవరూ నేర్పలేదు. ఆమెకు బదులు అక్కరలేదు కూడా. "నీళ్ళు పొద్దున్నే వస్తాయి, పట్టుకోవల్ల. రా, మెట్లు సూపిస్తా, అమ్మణ్ణీ," అని ముందు నడిచింది. మా ఇంటి ఆడపిల్లల్ని పనివాళ్ళు పిలిచే పిలుపు అది. ఎన్నో ఏళ్ళుగా ఎవరూ అలా పిలవలేదు. వేళాకోళమని తెలుస్తూనే ఉంది, అయినా చెవికి తియ్యగానే ఉంది. నేను మాత్రం ఆమెను చాలాకాలం ఏ పిలుపూ లేకుండానే పలకరించాను. ‘గ్రేసమ్మా’ అంటే తక్కువవుతుంది, ‘అక్కా’ అంటే నాకు ఎక్కువవుతుంది అనుకునేదాన్ని.

ఆ రోజుల్లో నా కాపురమంతా ఫోనులో ఉండేది. మా వంశం వాళ్ళకు ఒక గ్రూపు ఉంది. బెంగళూరులో ఒకరు, చెన్నైలో ఒకరు, ఊరికొకరుగా చెదిరిపోయిన నాయనివారి సంతతి అంతా అందులో కూడేది. పొద్దున్నే గుడ్ మార్నింగ్ పువ్వులు వస్తాయి. ఆ పువ్వుల మధ్యే మేము యుద్ధం చేసేవాళ్ళం. పెద్ద కొమ్మ ఎవరిది, ముత్తాత గారి పటం ఎవరి దగ్గర ఉండాలి, ఫలానావారి పెళ్ళిలో ఎవరికి ముందు తాంబూలం ఇచ్చారు. నా పేరు పక్కన బొమ్మగా గుర్రపు వెండి సామాను పెట్టుకున్నాను. అన్నిటికంటే పెద్ద గొడవ గుర్రాల బీడు గురించి. మా పెదనాన్న కొడుకు ప్రతాపన్న దాన్ని శాంతిపురం వైపు నుంచి వచ్చిన ఒక గ్రానైటు ఆయనకు అమ్మేద్దామన్నాడు. గుట్టతో సహా తీసుకుంటారు, కోసుకుపోతారు. అందరి సంతకాలూ కావాలి. అందరూ ఒప్పుకున్నారు, నేను తప్ప. ఆకాశం నుంచి తీసిన బొమ్మలో ప్రతాపన్న ఒకసారి బీడు మీద ఎర్ర గుర్తు పెట్టి పంపాడు. దాన్ని పెద్దది చేసి, చిన్నది చేసి, అన్నం తింటూ, ఆఫీసులో బిల్లుల మధ్య, కళ్ళు తెరవగానే మంచం మీద, నేను కాపలా కాసేదాన్ని. నిజంగా ఆ నేల మీద ఎప్పుడూ కాలు పెట్టలేదు. మా ఇంటి ఆడవాళ్ళెవరూ పెట్టలేదు. నానమ్మ తెర కట్టిన బండిలో ఆ దారిన వెళ్ళేటప్పుడు, తెర సందులోంచి గుట్ట కొస కనిపించేదని చెప్పేది.

అలా కాపలా కాస్తూనే ఒక సాయంత్రం మెట్లు దిగుతూ, ప్రతాపన్నకు ఘాటుగా జవాబు రాస్తూ, చివరి రెండు మెట్లూ ఒకటే అనుకుని పడ్డాను. గ్రేసక్క వచ్చి, నా మడమ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. ఆ చేయి ఎంత నిమ్మళంగా ఉందంటే నొప్పి చెప్పడానికే సిగ్గేసింది. కట్టు కడుతూ, నా చేతిలో ఇంకా వెలుగుతున్న ఫోను వైపు చూసింది.

"కాలు ఊరికే బెణికింది. మెడ సూస్తే భయమేస్తాంది నాకు. ఎప్పుడూ నేలబారు సూపే. మీ తాతోళ్ళ వంశంలో ఇట్లా తలొంచుకోని నడిచినోళ్ళు ఉండారా?"

ఎవరైనా ఇంకెలా చెప్పినా నేను వినేదాన్ని కాదు. ఆమె నన్ను ఎక్కడ పట్టుకోవాలో అక్కడే పట్టుకుంది.

కాలు నయమైన శనివారం, తెల్లగా తెల్లారాక, ఆమె మెట్ల కింద నిలబడి పిలిచింది. చేతిలో దూదిడబ్బా. మూత తెరిచి ఉంది. లోపల ఆమె ఫోను అప్పటికే పడుకుని ఉంది.

"ఇయ్యి," అంది.

"ఎందుకు?"

"ఆపరేషన్‌కి పోయేటప్పుడు నగలు తీసి ఇస్తారు సూడు, అట్లా ఇయ్యి. వచ్చినాక నీవి నీకే."

"ఆఫీసు నుంచి ఎవరైనా చేస్తేనో?"

"శనివారం పొద్దున నీకు ఫోన్ చేసేంత పెద్ద ఉద్యోగమా నీది? గమ్మున ఇయ్యి అమ్మణ్ణీ."

ఆ డబ్బా మూత పడినప్పుడు విన్న చప్పుడే ఇప్పటికీ నా వంటింట్లో వినేది.

ఊరి బయట రాళ్ళగుట్టకు నడిచాం. నేను గంజి పెట్టిన చీర, గొడుగు. ఆమె పాత నూలు చీర, కాళ్ళకు ఆసుపత్రి రోజుల తెల్ల బూట్లు. ప్రకృతి గురించి ఆమె నాకు పాఠం చెప్తుందని అనుకున్నాను. పిట్ట కూస్తే ఏమిటది అని అడిగాను. "నాకేం తెల్సు? పిట్ట," అంది. పసుపు పూల పొద చూపించాను. "పొద," అంది. "పేర్లు తెల్సుకోని ఏం జేస్తావు, గ్రూపులో పెడతావా?" దారి పొడుగునా నా కుడి చేయి నడుము దగ్గరికి వెళ్ళి వస్తూనే ఉంది, అక్కడ బొడ్లో దోపుకునే ఫోను లేదని తెలిసి కూడా. ఆమె అది చూసింది. "అట్లనే ఉంటాది. ఆపరేషన్ అయినోళ్ళు కూడా తీసేసిన కాలు దురద పెడతాందంటారు," అంది. నాకు కోపం వచ్చింది. కానీ ఎవరికీ రాసి చెప్పలేని కోపం కదా, కొంత దూరం నడిచేసరికి చేతిలో ఏమీ మిగల్లేదు. గుట్ట పైన బండ మీద కూర్చున్నాం. టమోటా లారీలు దూరంగా బొమ్మల్లా పోతున్నాయి. నేను నిటారుగా కూర్చున్నాను, ఎవరైనా చూస్తారేమోనని. "ఎవుర్నీ ఎదురుసూడొద్దు. ఈ గుట్టకు నువ్వెవురో తెల్దు," అంది గ్రేసక్క, బూట్లు విప్పుకుంటూ. ఆ మాటకు ఆ రోజు బాధపడ్డాను. తరువాతి శనివారం, ఆ మాట కోసమే వెళ్ళాననిపించింది.

అలా ఒక వేసవి, ఒక వానకాలం గడిచాయి. నిద్ర పట్టసాగింది. ప్రతాపన్న గొడవ మాత్రం ముదిరింది. సంతకమన్నా పెట్టు, లేకపోతే మా వాటాలన్నా నువ్వే తీసుకో, ఏదో ఒకటి సంక్రాంతి లోపల తేల్చమని గ్రూపులో అందరి ముందూ పెట్టాడు. ఆ సంగతి గ్రేసక్కకు చెప్పాను. ఆ శనివారం డబ్బా మూసి, "ఈరోజు గుట్టకు కాదు. పుంగనూరు బస్సు ఎక్కుదాం పా. నీ బీడు సూసొద్దాం," అంది.

పుంగనూరులో దిగి ఇడ్లీ తిన్నాం. పాల క్యాన్లు దించుతున్న చోటు నుంచి ఒక ఆటో మాట్లాడుకుని సోమల దారి పట్టాం. ఆటో ఆగిన చోట నుంచి నడక. ఇప్పుడు దారి చూపించవలసింది నేను. ఆ బొమ్మను ఇన్నేళ్ళు చూసిన కళ్ళకు ఇంకో సాయం ఎందుకు? రెండు గుట్టలు కనిపించాయి. కొంచెం కూడా తడబడకుండా ఎడమ గుట్ట వైపు తిరిగాను. దాని కింద చక్కటి మామిడితోపు, అంచున ఒక రాతితొట్టి. ఆ తొట్టి మీద చేయి వేసి, ముత్తాత గారి గుర్రాలు ఇక్కడే నీళ్ళు తాగి ఉంటాయని, ఒక్కో గుర్రానికి ఒక్కో మనిషి ఉండేవాడని, పండగనాడు వెండి సామాను తొడిగితే ఎండకు కళ్ళు చెదిరేవని చెప్పాను. గ్రేసక్క కొంగుతో ముఖం తుడుచుకుంటూ వింది. మేకలు తోలుకొస్తున్న ఒక ముసలామె కూడా కర్ర మీద గడ్డం ఆనించి, మర్యాదగా చివరిదాకా వింది.

"ఎవురమ్మా మీరు?" అంది అయిపోయాక.

చెప్పాను. ముత్తాత పేరుతో సహా చెప్పాను.

"నాయనోళ్ళ బీడు ఇది కాదు కదమ్మా. ఇది మునెమ్మోళ్ళ తోపు. ఆ తొట్టి వాళ్ళ అల్లుడు మొన్న సేయించినాడు, ఆవులకని. మీది ఆ పక్క. ఆ వంక దాటల్ల."

ప్రతాపన్న ఎర్ర గుర్తు పెట్టింది పక్కవాళ్ళ గుట్ట మీద. ఆయనా ఎప్పుడూ వచ్చి చూడలేదు, నేనూ చూడలేదు. ఇన్నేళ్ళూ అన్నాచెల్లెళ్ళం మునెమ్మ గారి మామిడితోపు కోసం మాటలనుకున్నాం. నేను గొడుగు పట్టుకుని నిలబడిపోయాను. గ్రేసక్క తొట్టి గట్టు మీద కూలబడి, పొట్ట పట్టుకుని నవ్వింది.

"అయ్యో నా తల్లీ! ఊరోళ్ళ గుట్టకా కాపలా కాస్తాండావు ఇన్నాళ్ళూ! జీతమన్నా అడిగినావా మునెమ్మను?"

"నవ్వడం అయిందా?"

"ఇంకొంచెం ఉండాది, ఉండు."

మేకలామె కూడా కొంగు అడ్డం పెట్టుకుంది. ఏమయిందో తెలియదు, నాకూ నవ్వొచ్చింది. మా ఇంటి పేరు మీద నేను నవ్వడం అదే మొదటిసారి.

వంక దాటాం. మోకాళ్ళ కిందిదాకా నీళ్ళు. చెప్పులు చేతిలో పట్టుకోవలసి వచ్చింది. అవతల ఉన్నది అసలు గుర్రాల బీడు. తొట్టి లేదు, తోపు లేదు, గుర్రాలు మేశాయనడానికి ఒక్క గుర్తూ లేదు. నడుమెత్తు గడ్డి, దాన్ని అటు నుంచి ఇటు దువ్వుతున్న గాలి, ఒక పెద్ద కానుగ చెట్టు, వెనక నల్లగా గుట్ట. అంతే. ఊరివాళ్ళ ఆవులు నన్ను చూసి తల తిప్పుకుని మేతలో పడ్డాయి. చెప్పులు మళ్ళీ వేసుకోలేదు. తడికాళ్ళకు మట్టి అంటింది, ఎండి రాలింది. గ్రేసక్క కానుగ చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి, ఒక కింది కొమ్మ మీద చేయి వేసి నిలబడింది.

"ఈడనే మా అమ్మ ఉయ్యాల కట్టేదంట, నన్నేసి. అవతల చేలో కలుపు తీస్తా తీస్తా, నేనేడిస్తే పరిగెత్తుకోని వచ్చేదంట."

అంతే చెప్పి, కొంగు పరుచుకుని ఆ చెట్టు కిందే పడుకుని నిద్రపోయింది.

నాకు చేయడానికి ఏమీ లేదు. చదవడానికీ, బదులు రాయడానికీ లేదు. మొదట కాసేపు భయం లాంటిది వేసింది. తరువాత చూడడం మొదలుపెట్టాను. గుట్ట మీద ఒక మబ్బు నీడ నిదానంగా దిగి, గడ్డి మీదుగా వచ్చి, నన్ను దాటి, వంక వైపు వెళ్ళింది. కాళ్ళ దగ్గర చీమలు ఒక రెక్కను మోసుకుపోతున్నాయి. దాన్ని ఒక గడ్డిపరక కింద నుంచి లాగలేక, చుట్టూ తిరిగి, వదిలి, మళ్ళీ వచ్చి పట్టుకున్నాయి. గడ్డిలోంచి ఒక గడ్డిరంగు పిట్ట బుర్రున లేచి నా గుండె ఆగినంత పనిచేసింది. నానమ్మ గుర్తొచ్చింది. ఆమెకు తెర సందులోంచి గుట్ట కొస మాత్రమే కనిపించింది. బండి ఆపమని ఆమె ఎప్పుడూ అడగలేదు. నాకు తెర కట్టినవాళ్ళు ఎవరూ లేరు. నేనే కట్టుకుని, దాన్ని అరచేతిలో పెట్టుకుని తిరిగాను.

గ్రేసక్క లేచాక అడిగాను. "సంతకం పెట్టమంటావా, వద్దంటావా?"

"నన్నడగొద్దు. మా అమ్మ ఈడ కూలి చేసింది. అమ్మమంటే పగ తీర్చుకున్నట్టుంటాది, వద్దంటే ఊడిగం చేసినట్టుంటాది." జుట్టులోని గడ్డి తీసుకుంది. "ఒకటే అడుగుతా. ఇది నీకు యాడ కావల్ల? గ్రూపులోనా, కాళ్ళ కిందనా?"

ఆ తరువాత ఎక్కువ రోజులు కాకముందే ఆమెకు ఒకవైపు చేయీ కాలూ పడిపోయాయి. కూతురు సునీత వచ్చి కుప్పం తీసుకుపోయింది. డబ్బా కూడా మందులతో నిండి ఆమెతోనే వెళ్ళింది. సెలవు దొరకగానే నేను కుప్పం వెళ్ళాను. వెళ్ళేసరికి గ్రేసక్క దిండ్లకు ఆనుకుని, బాగున్న చేత్తో ఫోను పట్టుకుని, ఎవరో చికెన్ కూర వండుతుంటే కళ్ళార్పకుండా చూస్తోంది.

"పొద్దస్తమానం అదే ఆంటీ," అంది సునీత. "అన్నం పెట్టినా దించదు. ఏమన్నా అంటే ఏడుస్తుంది."

నేను మంచం పక్కనున్న దూదిడబ్బా తీసి, మూత తెరిచి, మందులు బల్ల మీద పెట్టి, ఆమె ముందు పట్టుకున్నాను. ముందు నా ఫోను అందులో వేశాను.

"ఇయ్యి."

"యాలా?" అంది, మాట కొంచెం ముద్దగా.

"ఆపరేషన్‌కి పోయేటప్పుడు నగలు తీసి ఇస్తారు చూడు, అట్లా."

నోరు ఒకవైపే నవ్వింది. ఫోను డబ్బాలో పడేసి, "మూత గట్టిగా మూయి. అది బిర్రుగా పడదు," అంది. చక్రాల కుర్చీలో పెరట్లోకి తోసుకెళ్ళాను. అక్కడ ఒక మునగచెట్టు, గోడ అవతల ఖాళీ స్థలం, దూరంగా బెంగళూరు వైపు పోతున్న రైలు కూత. ఆమె ముఖానికి ఎండ తగిలేలా కుర్చీ తిప్పాను.

"బీడు సూసొచ్చినావా మళ్ళా?"

"పోయిన శనివారం కూడా వెళ్ళాను."

"ఫోటో సూపీ."

"తియ్యలేదు. ఫోను ఇంట్లో పెట్టి వెళ్ళాను."

"మంచి పని చేసినావు. అయితే నువ్వే చెప్పల్ల."

చెప్పాను. గడ్డి పండి గోధుమరంగుకు తిరిగిందని, గాలికి అది ఒక ఆవు వీపు మీద వెంట్రుకల్లా కదులుతుందని, వంకలో నీళ్ళు తగ్గి రాళ్ళు తేలాయని, ఆ గడ్డిరంగు పిట్ట పిల్లల్ని వెంటేసుకుని దారి దాటిందని. ఫోటో ఉంటే ఒక క్షణంలో చూసి పక్కన పెట్టేది. మాటల్లో అయ్యేసరికి ఎండ మునగచెట్టు దాటింది. ఆమె మధ్యలో కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందనుకుని ఆపాను.

"కొమ్మ ఉండాదా?" అంది కళ్ళు తెరవకుండానే.

"ఉంది అక్కా. నిండా కాయలున్నాయి."

కళ్ళు తెరిచింది. "అక్కా అంటాండావా! ఈ కుర్చీ ఎక్కితేగానీ ఆ మాట నీ నోట్లో నుంచి రాల్యా? ముందే తెల్సుంటే ముందే పడుందును."

ఇద్దరం నవ్వాం. తరువాత ఆమె బాగున్న చేయి నా చేతి మీద పెట్టి, "సంతకం పెట్టినావా?" అని అడిగింది.

"లేదు. వాళ్ళ వాటాలు నేనే తీసుకుంటున్నాను."

"దేంతో?"

నేను కుర్చీని నీడలోకి తిప్పాను.

ఆ ఏడాది మామిడిపూత రాలకముందే గ్రేసక్క పోయింది. చర్చి వెనక సమాధుల తోటలో మట్టి వేసినప్పుడు నేనూ ఒక పిడికెడు వేశాను. డబ్బాను సునీత నాకు పంపించింది. శనివారం దాంట్లో ఫోను పెట్టి మూత మూసి, పుంగనూరు బస్సు ఎక్కుతాను. ఊరివాళ్ళ ఆవులు ఇప్పుడు నన్ను చూసి తల కూడా ఎత్తవు. పిట్టల పేర్లు ఇప్పటికీ నాకు తెలియవు. తిరిగి వచ్చేటప్పుడు చూసినదంతా వరసగా మనసులో పెట్టుకుంటూ వస్తాను, పెరట్లో ఎవరికో చెప్పవలసి ఉన్నట్టు. గ్రూపులో ఇంకా ఉన్నాను. పువ్వులు వస్తాయి, యుద్ధాలు జరుగుతాయి. నా పేరు పక్కన మాత్రం ఇప్పుడు బొమ్మ లేదు.

మా ముత్తాత గారి గుర్రపు వెండి సామాను పుంగనూరులో ఒక సేటుకు అమ్మేశాను.